రెండు పక్కలా సమానంగా

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, మాఘమాసంలో, ఎమ్మిగనూరు నేతగాడు ఉచ్చీరప్ప గుండె చూపించుకోవడానికి ఆదోనికి వెళ్ళాడు. వెంట భార్య హులిగెమ్మ, తమ్ముడు రంగన్న. పత్తి మిల్లులు జోరుగా తిరిగే రోజులవి. ఆదోని వీధుల్లో గాలికి దూది ఎగురుతూ ఉంది. బస్సు దిగి డాక్టరు ఇంటికి నడిచేసరికి ముగ్గురి తలలూ తెల్లబడ్డాయి.

"నాకు ఈ తల నెరిసే వయసొస్తాదో రాదోనని దేవుడు ముందే సూపిస్తాండాడు" అని ఉచ్చీరప్ప నవ్వాడు. మిగతా ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఉచ్చీరప్పది విచిత్రమైన జబ్బు. మనిషి ఉక్కుముక్క. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెడితే సందెవేళకు గాని తీసేవాడు కాదు. కానీ నెలకో, రెండు నెలలకో, ఉన్నట్టుండి గుండె పరుగందుకునేది. ఉరికి వచ్చింది లేదు, బరువెత్తింది లేదు. ఊరికే కూచున్న మనిషికి బనీను పైనుంచి కూడా గుండె ఎగరడం కనిపించేది. అరగంట అట్లా ఉరికి, ఎట్లా మొదలైందో అట్లాగే ఠక్కున ఆగేది. నేతవీధిలో తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నవాళ్ళు ఎక్కువ.

డాక్టరు శ్రీపాదరావు ముసలాయన, ముక్కుమీద కోపం, వెన్నలాంటి మనసు. అదృష్టమో దురదృష్టమో, ఆయన ముందు బల్ల మీద కూచున్నప్పుడే ఉచ్చీరప్ప గుండె పరుగు మొదలుపెట్టింది. ఆయన కంగారు పడలేదు. మనిషిని పడుకోబెట్టి, స్టెతస్కోపు గుండెకు ఆనించి, కుడివైపు దవడ మూల కింద, నాడి కొట్టుకునే చోట, రెండు వేళ్ళతో నొక్కాడు. పెదవులు కదుపుతూ ఐదు లెక్కపెట్టాడు. ఉరికే గుండె ఒక్క క్షణం పూర్తిగా ఆగింది. తర్వాత దబ్ మంటూ మామూలు నడకకు వచ్చింది.

"దెయ్యం లేదు, గాలి లేదు. అంతా నరాల పని" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "గుండె గుర్రం లాంటిదప్పా. దానికి మెదడు నుంచి రెండు రకాల నరాలు దిగుతాయి. ఒకటి చెర్నాకోల, ఒకటి పగ్గం. భయపడితే చెర్నాకోల పడుతుంది, నిదానంగా ఉంటే పగ్గం పట్టి ఉంటుంది. నీ గుర్రం ఎవరూ కొట్టకుండానే ఉరుకుతోంది. ఇక్కడ మెడలో నొక్కితే మెదడు మోసపోయి పగ్గాన్ని గట్టిగా లాగుతుంది. అంతే కథ."

ఉచ్చీరప్ప ఇదంతా శ్రద్ధగా విన్నాడు. విని ఒక సందేహం అడిగాడు.

"అయ్యా, ఒగ పక్కే నొక్కినారే? రెండు పక్కలా సమానంగా నొక్కద్దా?"

"ఎందుకూ?"

"పడుగు బిగించేటప్పుడు ఒగ కొసే లాగితే బట్ట వంకర పోతాది గదయ్యా. ఏదైనా రెండు పక్కలా సమానంగా ఉంటేనే నిలబడేది."

డాక్టరు పగలబడి నవ్వాడు. మందుసీసాలు సర్దుతున్న కాంపౌండరు ప్రభుదాసు నవ్వాడు. నవ్వించినందుకు ఉచ్చీరప్ప కూడా సంబరంగా నవ్వాడు. ఆ నవ్వుల్లో జవాబు చెప్పడం అందరూ మరిచిపోయారు. ఇంటి దగ్గర గుండె ఉరికితే చన్నీళ్ళ గుడ్డ మొహాన వేసుకుని ఊపిరి బిగబట్టమని, అప్పటికీ ఆగకపోతే బస్సెక్కమని చెప్పి డాక్టరు పంపేశాడు. వాకిట్లో ప్రభుదాసు మాత్రం, పాపం ఇరవై మైళ్ళు ఎక్కడ పరుగెత్తుతారులే అనుకుని, నొక్కే చోటు ఏదో అన్నదమ్ములిద్దరికీ వేలుపెట్టి చూపించాడు.

ఉగాది పోయిన పదో రోజు ఉచ్చీరప్ప చనిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. హులిగెమ్మ, కూతురు ఉరుకుందమ్మ ఇద్దరూ నేసిన పంచెలు చేనేత సొసైటీలో అప్పజెప్పడానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి మగ్గం గదిలోంచి రంగన్న బయటికి వస్తున్నాడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. చెంబెడు నీళ్ళు పోసి కడిగినా పోనిది ఏదో అంటుకున్నట్టు, తుడిచిందే తుడుస్తున్నాడు. వదినెను చూడగానే ఆ తువ్వాలు వెనక్కి దాచాడు.

"అన్న పోయినాడొదినా" అన్నాడు.

ఉచ్చీరప్ప అప్పటికే చాప మీద ఉన్నాడు. కాళ్ళు చాపి ఉన్నాయి, చేతులు చాపి ఉన్నాయి, మెడ దాకా దుప్పటి కప్పి ఉంది. చనిపోయిన మనిషిని ఇంత తొందరగా ఎవరు సర్దారు? ఎందుకు సర్దారు? ఏడుపు మధ్యలో కూడా హులిగెమ్మకు ఈ ప్రశ్న వచ్చింది. స్నానం చేయించేటప్పుడు దుప్పటి తీసి చూసింది. మెడకు కుడిపక్క రెండు నల్లటి మచ్చలు, ఎడమపక్క రెండు. మచ్చల మీద ఎండిన గంజి, తెల్లటి పొట్టు లాగా రేగి ఉంది. పడుగుకు పట్టించే జొన్నగంజి. రంగన్న చేతుల్లోదీ అదే అయి ఉంటుంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చేస్తుంది? ఇంట్లో మిగిలిన మగదిక్కు ఆ ఒక్కడే. మాట బయటపెడితే ఉన్న ఒక్క నీడా పోతుంది. పెట్టకపోతే కడుపులో కుంపటి. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఆమె ఆ భూతాన్నే పెంచుతూ కూచుంది. ఇంట్లో ఇంకొకటి కూడా ఉందని ఆమెకు తట్టనే లేదు.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. నేతగాడు సగంలో పోతే, మగ్గం మీది పడుగును కోయకూడదు. ఇంట్లోవాళ్ళే గుంతలో కూచుని ఆ బట్ట ముగించాలి. లేకపోతే పోయినవాడు దాన్ని వదిలిపెట్టలేడట. మూడు నెలలు గడిచాక హులిగెమ్మ, పదిహేనేళ్ళ కూతుర్ని మగ్గం ఎక్కిస్తానని చెప్పింది. రంగన్న మొహం మాడిపోయింది.

"పిల్లను గుంతలో దింపొద్దు వదినె. ఆ పడుగు నేను ముగిస్తా."

"నీ మగ్గం నీకుంది గదా. దీని మీద నీకేం పని?"

"పని ఏం ల్యాదు. వద్దంటాండా, అంతే."

"కారణం సెప్పు."

రంగన్న నేల చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వీడి యవ్వారం అనుకుంది హులిగెమ్మ. వాడు వద్దన్నాడు కాబట్టే మర్నాడు పిల్లను గుంతలో కూచోబెట్టింది.

మగ్గం గది ఇంటికి వెనుకభాగంలో ఉంది. మట్టిమిద్దె, మూడడుగుల మందం గోడలు, కిటికీ లేదు. మిద్దె కప్పుకు చేసిన చిన్న గవాక్షి లోంచి పళ్ళెమంత ఎండ పడి, పొద్దు తిరిగేకొద్దీ నేలమీద పాకుతుంటుంది. నేసేవాళ్ళు గుంతలో కాళ్ళు పెట్టి, గోడకు వీపు చేరేసి కూచోవాలి. మూడు నెలలుగా మూసి ఉన్నందువల్ల ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. పాతనూలు వాసన, తడిమట్టి వాసన. వాటి అడుగున పులిసిన గంజి వాసన. గంజి కుండ ఎప్పుడో కడిగి బోర్లించి ఉంది.

తొలిరోజు బాగానే జరిగింది. రెండోరోజు మధ్యాహ్నం, హులిగెమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతుండగా, మగ్గం చప్పుడు మారింది. టక్... టక్... అని నిదానంగా పోగును కొడుతున్న పలక తొందరపడింది. ఇంకా తొందరపడింది. పదిహేనేళ్ళ పిల్ల చేతులకు అంత వేగం రాదు. పెద్ద నేతగాడికీ రాదు. హులిగెమ్మ తెడ్డు చేతిలో పట్టుకునే నిలబడింది. చప్పుడు ఠక్కున ఆగింది.

గదిలోకి పోయి చూస్తే ఉరుకుందమ్మ గుంతలో వెనక్కి వాలి ఉంది. రవిక కింద గుండె ఎగరడం వాకిలి దగ్గరికే కనిపించింది. ఉచ్చీరప్ప గుండె ఎట్లా ఎగిరేదో అచ్చం అట్లాగే.

"అమ్మా... గుండె ఉరుకుతాంది."

తడిగుడ్డ తెచ్చి మొహాన వేసి, ఊపిరి బిగబట్టించింది. కాసేపటికి దడ ఆగింది. అప్పుడు చూసింది. పిల్ల మెడకు కుడిపక్క రెండు మచ్చలు, ఎడమపక్క రెండు. వాటి మీద ఎండిన తెల్లటి గంజి.

"ఎవురే నీ మెడ పట్టుకునింది?"

"నేను సూడలే. ఎనకనుంచి నొక్కినారు. సల్లగా ఉండినాయి వేళ్ళు. నెప్పి కాకుండా నొక్కినారమ్మా, పాపం."

వెనక్కి తిరిగితే వాకిట్లో రంగన్న నిలబడి ఉన్నాడు. పిలవకుండానే వచ్చాడు. కళ్ళు పిల్ల మెడ మీదే ఉన్నాయి. హులిగెమ్మకు ఒళ్ళు మండిపోయింది. అన్నను మింగినవాడు బిడ్డను మింగడానికి వచ్చాడనుకుంది. తలుపు వాడి మొహాన వేసి గడియ పెట్టింది.

మర్నాడు పిల్లను తీసుకుని ఆదోని బస్సెక్కింది.

శ్రీపాదరావు పిల్ల గుండె చాలాసేపు విన్నాడు. కొన్ని ఇళ్ళల్లో ఇది తండ్రి నుంచి బిడ్డకు వస్తుందన్నాడు. మెడ మీది మచ్చలు చూడగానే ఆయన గొంతు లేచింది.

"ఎవడమ్మా రెండు పక్కలా నొక్కింది? వాడికి బుద్ధుందా? మెదడుకు రక్తం పోయే దారులు రెండూ మూసుకుంటాయి. పగ్గం రెండు చేతులా లాగినట్టవుతుంది. గుర్రం ఆగడం కాదు, కూలిపోతుంది. పెద్దమనిషైనా ప్రాణం పోతుంది!"

భర్త మెడ మీది నాలుగు మచ్చలు హులిగెమ్మ కళ్ళ ముందు ఆడాయి. ఉన్న అనుమానం రుజువైపోయింది. చంపినవాడు తెలుసు, చంపిన తీరు తెలుసు. ఇంక తెలియాల్సింది ఏముంది?

బస్సు దాకా ప్రభుదాసు వెంట వచ్చాడు.

"అక్కా, ఆ సోటు అన్నదమ్ములకు నేనే సూపిచ్చినా. ఒగ పక్కే అని డాక్టరయ్య సెప్పినాడనుకున్నా. ఆయన నేను సెప్పినాననుకున్నాడు. ఆ పొద్దు నవ్వుకుంటా ఉండిపోతిమి." ప్రభుదాసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపకు మళ్ళీ వస్తే తడిగుడ్డ ఎయ్యి. ప్రాణం మీదికొచ్చి, ఇంగే దారీ లేకపోతేనే మెడ ముట్టుకో. పండబెట్టల్ల. కుడిపక్క ఒగటే. సెవి గుండెకు ఆనించి ఇనల్ల. ఐదు లెక్క, అంతే. రెండో పక్క మాత్రం... ఏసయ్య మీద ఆన, రెండో పక్క ఎవ్వురినీ తాకనియ్యొద్దు."

ఎవ్వురినీ. ఆ మాట హులిగెమ్మ కొంగున ముడేసుకుంది.

తర్వాతి మధ్యాహ్నం రంగన్న మళ్ళీ వచ్చాడు. ఉరుకుందమ్మ నడవలో చాప మీద నిద్రపోతోంది. హులిగెమ్మ రోకలి పట్టుకుని వాకిట్లోనే అడ్డం నిలబడింది. వీధిలో ఎండకు కుక్క కూడా లేదు.

"రా రంగన్నా. మీ అన్నను ఎట్ల సంపితివో సెప్పి పో."

రంగన్న రోకలి వైపు చూడలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"నేను సంపలేదొదినా."

"మెడ నొక్కింది ఎవురు మరి?"

"అన్నే."

ఆమె రోకలి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"నేను వచ్చేసరికే ప్రాణం పోయింది" అన్నాడు రంగన్న, గొంతు బాగా తగ్గించి. "గుంతలో కూచోనుండాడు. తన సేతులు తన మెడకే ఉండాయి. ఈ పక్క రెండు వేళ్ళు, ఆ పక్క రెండు వేళ్ళు. దడ వచ్చింటాది, ఆపుకుందామని నొక్కుకున్యాడు. సమానంగా. ఎవురన్నా సూస్తే గొంతు పిసుక్కుని సచ్చినాడంటారు, పోలీసోళ్ళొచ్చి తీసకపోయి కోస్తారు. అందుకే సేతులు తీసి సాపినా."

"దానికి మూన్నెల్లు నోరు మూసుకోవల్లనా?"

"సెప్తే నువ్వు నమ్మవొదినా. ఆ సేతులు రాలేదు. కుడిసెయ్యి తీస్తే మళ్ళీ పోయి మెడకు అతుక్కునింది. ఎడమది తీస్తే అదీ అంతే. సచ్చిన మనిషివి!" రంగన్న తన అరచేతుల్ని తొడలకు రుద్దుకున్నాడు. "ఆకరికి రెండూ ఒగేసారి, సమానంగా లాగితిని. అప్పుడొచ్చినాయి."

హులిగెమ్మ రోకలి కిందికి దించింది. వాడు అబద్ధం చెప్తున్నాడనే అనుకోవాలని చూసింది. అనుకోలేకపోయింది.

"మొన్న పిల్ల మెడ?"

"నేను వాకిట్లో ఉండినా. నువ్వే సూసినావు." రంగన్న తలెత్తాడు. "ఎనకనుంచి నొక్కినారనింది గదా పిల్ల. గుంత ఎనక గోడ గదా వదినె. ఆడ మనిషి యాడ నిలబడల్ల?"

అవును. గోడ. పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్న గోడ. ఇన్ని రోజులూ ఆ మాట ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు. అనుమానానికి ఒక మొహం దొరికాక మనిషి వేరే వైపు చూడడు కాబోలు.

అప్పుడే లోపలినుంచి చప్పుడు వచ్చింది.

టక్... టక్... టక్...

నడవలో చాప ఖాళీగా ఉంది.

ఇద్దరూ పరుగెత్తారు. పలక చప్పుడు పెరిగిపోతోంది. టక్ టక్ టక్ టక్... మగ్గం గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోస్తే లోపల చీకటి. బయట నిప్పులు చెరిగే ఎండ, గదిలో చీకటి. గవాక్షి లోంచి ఎండ పడడం లేదు. మిద్దె మీద ఎవరో ఆ కంతకు అడ్డం కూచున్నట్టు... అంచుల చుట్టూ సన్నటి వెలుతురు గీత మాత్రం ఉంది. పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది.

చప్పుడు ఆగింది. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాయి.

ఉరుకుందమ్మ గుంతలో ఉంది. కళ్ళు తెల్లగా తేలిపోయాయి. రెండు చేతులూ పక్కలకు వేలాడుతున్నాయి. గుండె... దూరం నుంచి కూడా వినిపిస్తోంది. మెడకు రెండు పక్కలా చర్మం లోపలికి దిగి ఉంది. ఏ వేళ్ళూ లేవు. వేళ్ళు నొక్కిన గుంటలు మాత్రం ఉన్నాయి. అవి మెల్లగా... జాగ్రత్తగా... సమానంగా లోతవుతున్నాయి.

"రంగన్నా, పట్టు!"

రంగన్న వాకిట్లోనే బిగుసుకుపోయాడు. హులిగెమ్మ ఒక్కతే పిల్లను చంకల కింద పట్టి గుంతలోంచి లాగింది. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టింది. గుంటలు పోలేదు. పిల్లతోపాటే వచ్చాయి. తడిగుడ్డకు పరుగెత్తే వ్యవధి లేదు. పిల్ల పెదవులు నల్లబడుతున్నాయి.

హులిగెమ్మ తన ఎడమ అరచేతిని పిల్ల మెడకు ఎడమపక్క బలవంతంగా దూర్చింది. చర్మానికీ ఆ కనిపించని వేళ్ళకూ నడుమ. చెయ్యి అడ్డుపెట్టింది.

చల్లగా తగిలాయి. తడిగా ఉన్నాయి. రెండు వేళ్ళు... ఆమె చేతివెనుక నొక్కుతూనే ఉన్నాయి. మగ్గం లాగి లాగి గట్టిపడిన ఆ వేళ్ళకొసలు ఆమెకు తెలుసు. పదిహేడేళ్ళు తెలుసు. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చేసింది. చంపడానికి రాలేదు ఆయన. కూతురి దడ ఆపడానికి వచ్చాడు. తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేస్తున్నాడు.

"వద్దు సామీ" అంది గుసగుసగా. "నీకు దండం పెడతా. ఒగ పక్కే. ఒగ పక్కే నొక్కల్లంట. డాక్టరయ్య సెప్పినాడు. నువ్వు ఇడిసిపెట్టు, నేను సూసుకుంటా."

వేళ్ళు ఆగాయి. ఆలోచిస్తున్నట్టు ఆగాయి.

చెవి పిల్ల గుండెకు ఆనించింది. కుడిచేతి రెండు వేళ్ళు దవడ మూల కింద పెట్టింది. అక్కడి వేళ్ళు అప్పటికే తప్పుకున్నాయి, గుంట ఖాళీగా ఉంది. నొక్కింది.

ఒకటి. గుండె ఉరుకుతోంది.

రెండు. ఉరుకుతోంది.

మూడు. ఎడమచేతి మీది వేళ్ళు కూడా తనతోపాటే నొక్కాయి... తను ఎంత నొక్కితే అంత.

నాలుగు.

గుండె ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. బిడ్డ పోయిందనుకుంది హులిగెమ్మ.

ఐదు. వేళ్ళు తీసేసింది.

దబ్.

కాస్త ఆగి, ఇంకోసారి దబ్. తర్వాత మామూలు నడక. ఉరుకుందమ్మ ఆబగా ఊపిరి తీసుకుంది. గవాక్షి లోంచి పళ్ళెమంత ఎండ వచ్చి ముగ్గురి నడుమ పడింది. హులిగెమ్మ ఎడమచేతి వెనుక రెండు తెల్లటి వేలిముద్రలు, చూస్తుండగానే ఎండి పొట్టులేచాయి.

రంగన్న వదినె కాళ్ళ మీద పడి ఏడ్చాడు. నిన్ను అనరాని మాటలన్నాను, నన్ను క్షమించు నాయనా అని హులిగెమ్మ కూడా ఏడ్చింది. మర్నాటి నుంచి రంగన్నే గుంతలో కూచుని, తొమ్మిది రోజుల్లో అన్న పడుగును ఆఖరి పోగు దాకా ముగించాడు. మగ్గం విప్పేశారు. గుంతను ఎర్రమట్టితో పూడ్చి, పైన పేడతో అలికారు. ఆ బట్టను బీదసాదలకు పంచిపెట్టారు. చెయ్యాల్సినవన్నీ చేశారు.

వానాకాలం పోయింది. ఉరుకుందమ్మకు దడ రాలేదు. హులిగెమ్మ మొహాన మళ్ళీ నవ్వు కనిపించింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు నడవలో ఒకే చాప మీద పక్కపక్కనే కునుకు తీశారు. ముందు పిల్ల లేచింది.

"అమ్మా, గుండె మళ్ళీ ఉరికింది. నిన్ను లేపేలోపలే ఆగిపోయింది." ఆ పిల్ల మొహంలో భయం లేదు, సంతోషముంది. "నాయన వచ్చినాడు. ఈసారి ఒగ పక్కే నొక్కినాడు."

హులిగెమ్మ గబగబా పిల్ల జడ తొలగించి చూసింది. కుడిపక్క రెండు తెల్లటి ముద్రలు. ఎడమపక్క శుభ్రంగా ఉంది. తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. చెప్పిన మాట విన్నాడు. బతికున్నప్పుడూ అంతే, ఒకసారి చెప్తే చాలు. బిడ్డకు ఇంక గండం లేదు.

మొహం కడుక్కుందామని దొడ్లోకి పోయింది. నాలుగడుగులకే తల తిరిగి, తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. నీళ్ళు తీసుకోవడానికి వంగితే, తేటనీళ్ళ మీద ఏదో రాలింది. తెల్లటి పొట్టు.

చెయ్యి మెడకు పోయింది. కుడిపక్క ఏమీ లేదు. ఎడమపక్క, దవడ మూల కింద, వేళ్ళకు ఎండిన గంజి గరుకుగా తగిలింది. రెండు ముద్రలు.

నడవలో ఎవరు ఎటు పడుకున్నారో గుర్తు తెచ్చుకుంది. తను కుడిపక్క. బిడ్డ ఎడమపక్క. నడుమ జానెడు చోటు, ఒక మనిషి తలాపున కూచుని రెండు చేతులూ చాపితే సరిగ్గా అందేంత. బిడ్డ మెడకు కుడిపక్క, తన మెడకు ఎడమపక్క. సమానంగా.

హులిగెమ్మ అట్లాగే తొట్టి పట్టుకుని, తన గుండె విన్నది. దబ్ మంది ఒకసారి.

రెండోదాని కోసం చాలాసేపు ఆగింది.